మూఢంలోనూ ఈఎంఐ ఆగదు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాలున్న నెలలో లక్షా పది వేల దాకా వస్తుంది, లేని నెలలో 15 వేలు రావడమూ కష్టమే. ఏడాది మొత్తం చూస్తే నెలకు సగటున రూ.62,000. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు రూ.38,000, బండి ఈఎంఐ రూ.4,100. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. బ్యాంకులో రూ.45,000 ఉంది. ఆరు నెలల క్రితం రూ.3,000 సిప్ మొదలుపెట్టాను. ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ లేవు. ఇప్పుడున్న ల్యాప్‌టాప్ (11వ తరం ఐ5, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు) మీద 4కే ఫుటేజీ కదలడం లేదు. 18 అంగుళాల ల్యాప్‌టాప్, ఆర్‌టీఎక్స్ 5070 టీఐ ఉన్నది, రూ.2.9 లక్షలు చెబుతున్నారు. కార్డు మీద రూ.1.9 లక్షలు 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టి, మిగతా లక్ష లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. అప్రూవల్ వచ్చింది, ఇంకా తీసుకోలేదు. నెలకు 2 శాతం వడ్డీ, ఏడాది గడువు, 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు. డెస్క్‌టాప్ అంత పవర్ ఉంటుంది, పెళ్లి మండపానికి తీసుకెళ్లి అక్కడే హైలైట్స్ కట్ చేయొచ్చు. ట్యాక్స్ కూడా తగ్గుతుందని మిత్రుడు చెప్పాడు. అవసరం పడితే కార్డు లిమిట్ రూ.2 లక్షలు ఎలాగూ ఉంది. కొనమంటారా?

జవాబు: వద్దు. ల్యాప్‌టాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ చివరి వాక్యం దగ్గర ఆగాలి. "అవసరం పడితే కార్డు లిమిట్ ఎలాగూ ఉంది" అన్నారు. సొంత పని చేసుకునేవాళ్లలో చాలామంది లెక్క ఇదే. మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అవసరానికి ఉంచుకున్నానంటున్న లిమిట్‌తోనే ల్యాప్‌టాప్ కొంటున్నారు. ఈఎంఐ పెట్టిన రోజే బ్యాంకు రూ.1.9 లక్షలు బ్లాక్ చేస్తుంది. మీకు మిగిలే లిమిట్ రూ.10,000. కట్టిన కొద్దీ నెలనెలా కొంచెం కొంచెం విడుదలవుతుంది. పాపకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే అడ్వాన్సుకు కూడా ఆ పది వేలు చాలవు. లిమిట్‌లో 95 శాతం వాడేసిన కార్డు క్రెడిట్ స్కోరుకూ మంచిది కాదు.

ఇప్పుడు మీ అంకెలే తీసుకుందాం. ఏడాది ఆదాయం రూ.7.44 లక్షలు. ఇంటి ఖర్చు, బండి కిస్తీ కలిపి రూ.5.05 లక్షలు. సిప్ తీయకముందు మిగిలేది రూ.2.39 లక్షలు. ల్యాప్‌టాప్ కోసం ఆ ఏడాదిలో మీ చేతి నుంచి పోయేది సుమారు రూ.3.2 లక్షలు. అంటే రూ.82 వేలు తక్కువ. బ్యాంకులో ఉన్న 45 వేలు ఊడ్చినా ఇంకా 37 వేలు ఎక్కడి నుంచి తెస్తారు? ఇది కూడా అందరూ ఆరోగ్యంగా ఉండి, కెమెరా పాడవకుండా, ఫొటోగ్రాఫర్లు డబ్బు సమయానికి ఇచ్చే ఏడాది లెక్క.

సగటు ఆదాయంతో ఈఎంఐ లెక్క వేయడమే మీలాంటి పనిలో అసలు పొరపాటు. ఈఎంఐ సగటున రాదు, ప్రతి నెలా వస్తుంది. 2025 నవంబర్ ఆఖరు నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢం. అదయ్యాక మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం. నిజ జ్యేష్ఠంలో నాలుగు పెళ్లిళ్లు జరిగేలోపు ఆషాఢం. ఇంత ఖాళీ ప్రతి ఏడాదీ ఉండదు, కానీ ఆషాఢం, ధనుర్మాసం ఏటా తప్పవు. రూ.15,000 వచ్చిన నెలలో ఇంటికి, బండికి రూ.42,000, దాని మీద ఈ రెండు కిస్తీలు రూ.26,400. ఆ ఒక్క నెలలోనే 53 వేల గండి. అలాంటి నెలలు వరుసగా రెండు వస్తే మూడో నెల కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ కట్టి ఊరుకుంటారు. అక్కడి నుంచి కట్టని బాకీ మీద నెలకు 3.5 శాతానికి పైగా వడ్డీ, ఆలస్య రుసుము, వాటి మీద జీఎస్‌టీ. ఆ గుంటలో నుంచి బయటపడటానికి రెండు సీజన్లు పడతాయి.

లోన్ యాప్ వాళ్లు చెప్పే "నెలకు 2 శాతం" విని మోసపోకండి. అది ఫ్లాట్ వడ్డీ. మీరు అసలు తీరుస్తూ వచ్చినా, మొదటి రోజు తీసుకున్న లక్ష మీదే ఏడాదంతా వడ్డీ వేస్తారు. 24 వేల వడ్డీ, నెలకు రూ.10,333 కిస్తీ. ఫీజు, దాని మీద జీఎస్‌టీ కలిపి రూ.3,540 ముందే కోసుకుని మీ ఖాతాలో వేసేది రూ.96,460. తగ్గే బాకీ మీద లెక్క కడితే ఏడాదికి సుమారు 49 శాతం పడుతుంది. వీధిలో వడ్డీకిచ్చేవాడు ఈ రేటు చెబితే తిట్టి పంపిస్తాం, ఫోన్‌లో రంగుల బటన్ మీద కనబడితే మాత్రం నొక్కేస్తాం! అప్పు ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (అప్పు వివరాలన్నీ ఒకేచోట ఉండే కాగితం) ఇవ్వడం తప్పనిసరి. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు రేటు) అన్న గడి ఒక్కటి చూడండి చాలు. ఆ కాగితం ఇవ్వని యాప్ జోలికి వెళ్లొద్దు. పొరపాటున తీసేసుకుంటే, కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోగా అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పట్టుకోవచ్చు.

నో కాస్ట్ ఈఎంఐ దానంత చెడ్డది కాదు గానీ పేరులో ఉన్నంత ఉచితమూ కాదు. సున్నా వడ్డీ అన్న మాటే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం ధరలో తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మాత్రం మీ బిల్లులోకే వస్తుంది. 16 శాతం రేటు అనుకుంటే మీ రూ.1.9 లక్షల్లో దాదాపు రూ.15,500 వడ్డీ, దాని మీద జీఎస్‌టీ రూ.2,790, ఫీజు ఇంకో మూడొందల యాభై. కొట్లో ఒక్క మాట అడగండి: మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారు? అక్కడ తగ్గే మొత్తమే నో కాస్ట్ అసలు కాస్ట్.

ఇక ఆ ల్యాప్‌టాప్. డెస్క్‌టాప్ అంత పవర్ అన్నారు. పేరు ఒకటే, లోపల చిప్ వేరు. డెస్క్‌టాప్ 5070 టీఐ కార్డుకు 16 జీబీ మెమరీ, 300 వాట్ల పరిమితి. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదానికి 12 జీబీ, గరిష్ఠంగా 140 వాట్లు. ఆ 140 కూడా కంపెనీ ఇస్తేనే. ఒకే పేరున్న చిప్‌ను పల్చటి మోడల్లో 80, 100 వాట్లకే కట్టేసి అమ్ముతారు. ఎప్పుడు ఏ ల్యాప్‌టాప్ కొన్నా స్పెసిఫికేషన్లలో టీజీపీ (గ్రాఫిక్స్ చిప్‌కు అందే కరెంటు పరిమితి) ఎన్ని వాట్లో చూసి కొనండి, పెట్టె మీది స్టిక్కర్ చూసి కాదు.

మోసుకెళ్లడం సంగతి. 18 అంగుళాల మిషన్ మూడు కిలోల పైమాటే. 330 వాట్ల చార్జర్ ఇటుకరాయిలా ఇంకో కిలో ఉంటుంది. విమానాల్లో 100 వాట్ అవర్ల నిబంధన ఉంది కాబట్టి ఎంత ఖరీదైన ల్యాప్‌టాప్ బ్యాటరీ అయినా 99 దగ్గరే ఆగుతుంది. ప్లగ్ తీసిన క్షణం గ్రాఫిక్స్ శక్తి బాగా పడిపోతుంది. మండపంలో ప్లగ్ వెతుక్కోవాల్సిందే, జనరేటర్ మీద నడిచే హాలు అయితే మంచి సర్జ్ ప్రొటెక్టర్ కూడా పట్టుకెళ్లాలి. మే నెల విజయవాడ వేడిలో ఏసీ లేని గదిలో గంటసేపు రెండర్ పెడితే చిప్ వేడెక్కి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. పూల రేకులు, దుమ్ము ఫ్యాన్లలోకి పోతే ఇంకా త్వరగా. వారంటీ అయ్యాక మదర్‌బోర్డు పోతే ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ దానికే సోల్డర్ చేసి ఉంటాయి, మొత్తం బోర్డే మార్చాలి. డెస్క్‌టాప్‌లో పోయిన ముక్క ఒక్కటే మారుస్తారు.

ఇలాంటి మిషన్ ఎవరికీ పనికిరాదని అనను. నెలలో సగం రోజులు ఊరూరా తిరుగుతూ, వెళ్లిన చోటల్లా టేబుల్, ప్లగ్ దొరికి, ఆ పనికి తగ్గ డబ్బు వచ్చేవాళ్లకు గిట్టుబాటు అవుతుంది. మండపంలో హైలైట్స్ కోసం అయితే మీ పాత ల్యాప్‌టాపే సరిపోతుంది. ఎందుకో చూడండి.

పెళ్లి కెమెరాల నుంచి ఇప్పుడు వస్తున్న హెచ్.265, 10 బిట్, 4:2:2 ఫుటేజీని (బాగా కుదించిన వీడియో రకం) మీ జీటీఎక్స్ 1650 హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేదు, అంటే ఆ కుదింపును తనంతట తాను విప్పలేదు. మీ 11వ తరం ఇంటెల్ చిప్‌లోని సొంత గ్రాఫిక్స్ మాత్రం చేయగలదు. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రో అయితే ప్రిఫరెన్సెస్, అందులో మీడియా తెరవండి. హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కు టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి. అక్కడ ఇంటెల్ పేరే కనబడకపోతే డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఆపేసి ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వెతకాలి. గేమింగ్ ల్యాప్‌టాపుల్లో ఇది ఆపేసి ఉండటం మామూలే. అప్పటికీ తడబడితే ప్రాక్సీలు (కట్టింగ్ కోసం ఫుటేజీకి తేలికపాటి నకళ్లు) చేసుకోండి. 1080 సైజులో ప్రోరెస్ ప్రాక్సీ గంట ఫుటేజీకి 17 జీబీ పడుతుంది. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి సిద్ధం. కట్టింగ్ అంతా ప్రాక్సీ మీద, ఫైనల్ ఎక్స్‌పోర్ట్ అసలు ఫుటేజీ నుంచి. దీనికి కావలసింది ఒక వేగమైన ఎస్ఎస్‌డీ. ర్యామ్ 32కి పెంచితే ఇంకా మంచిదే గానీ 2025 చివర నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, ముందు పైరెండూ చేసి చూడండి. భారీగా నాయిస్ రిడక్షన్ వాడే పని మాత్రం మీ 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద లాగదు, అది ఒప్పుకుంటాను. దానికి 16 జీబీ కార్డున్న డెస్క్‌టాప్, మానిటర్‌తో కలిపి లక్షన్నర అటూ ఇటూ అవుతుంది. యూపీఎస్ అదనం.

ట్యాక్స్ మాటకొస్తే, మీ రూ.7.44 లక్షల మీద కొత్త పన్ను విధానంలో కట్టాల్సిన పన్నే లేదు. లేని పన్నులో తగ్గేదేముంది? మీకు జీఎస్‌టీ నమోదు లేకపోతే కొనుగోలు మీద కట్టిన 18 శాతమూ వెనక్కి రాదు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే, ఆసుపత్రి అవసరానికి సరే, ల్యాప్‌టాప్‌కి కాదు.

ఈ నెల నుంచి చేయాల్సింది ఇదీ. వచ్చిన ప్రతి రూపాయీ ఒక ఖాతాలో వేయండి. ప్రతి నెలా ఒకటో తారీఖున అందులో నుంచి రూ.42,000 మాత్రమే ఇంటి ఖాతాకు పంపండి, మాఘమైనా ఆషాఢమైనా అంతే. లక్షా పది వేలు వచ్చిన నెలలో మిగిలే రూ.68,000 మీ లాభం కాదు, మూఢం నెలల జీతం.

మొదట పోవాల్సిన ఖర్చు ఆరోగ్య బీమా. ముగ్గురికీ కలిపి రూ.10 లక్షల ఫ్లోటర్ ఏడాదికి సుమారు 20 వేలు, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ కూడా లేదు. ప్రమాదాలు మినహా మొదటి 30 రోజులు క్లెయిము రాదు, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాలి. అందుకే జబ్బు రాకముందే తీసుకోవాలి. గది అద్దె పరిమితి లేనిది చూడండి, దంపతుల బీపీ, షుగర్ వివరాలేమైనా ఉంటే దాచకండి. దాంతోపాటే కోటి రూపాయల టర్మ్.

తర్వాత అత్యవసర నిధి. ఉద్యోగులకు ఆరు నెలల ఖర్చు చాలంటాను, మీ పనికి తొమ్మిది నెలలు కావాలి, అంటే రూ.3.8 లక్షలు. ఒక్కసారిగా కాదు. ముందు నాలుగు నెలలది, రూ.1.7 లక్షలు. ఇది చేరేదాకా సిప్ ఆపండి. ఉన్న 45 వేలతో మొదలుపెడితే, ప్రీమియంలు పోగా ఏడెనిమిది నెలల్లో చేరుతుంది. సగం స్వీప్ ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు ముడిపెట్టి, కావాలన్నప్పుడు తీసుకునే డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (తక్కువ గడువు అప్పు పత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్). ఫండ్‌లో వెంటనే తీసుకునే సదుపాయానికి రూ.50,000 లేదా 90 శాతం, ఏది తక్కువైతే అదే పరిమితి. కాబట్టి ఆసుపత్రి అడ్వాన్సు మొత్తం ఎఫ్‌డీ వైపు ఉండాలి. ఏటీఎం కార్డు భార్య దగ్గర ఉంచి, పిన్ ఆవిడకూ తెలియాలి.

రూ.1.7 లక్షలు నిండాక వచ్చే మిగులులో సగం నిధికి, సగం డెస్క్‌టాప్‌కి. ఈలోగా పెద్ద పని వచ్చి పాత మిషన్ మీద కాదనుకుంటే ఆ వారానికి వర్క్‌స్టేషన్ అద్దెకు తీసుకుని, ఆ అద్దె పార్టీ బిల్లులో వేయండి. ఎడిటింగ్‌కు సగం అడ్వాన్సు తీసుకోకుండా ఫుటేజీ హార్డ్ డిస్క్ ముట్టుకోకండి. ఆ యాప్‌లో అప్రూవల్ ఇంకా తెరిచే ఉందన్నారు, ఇవాళే రద్దు చేసి, బ్యాంకు ఖాతాకు ఆటో డెబిట్ మ్యాండేట్ ఏదైనా ఇచ్చారేమో చూసి అదీ తీసేయండి.