చెరువుల వెంట తిరిగితే ఉద్యోగమొస్తుందా?

ప్రశ్న: మా బిడ్డ హన్మకొండలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రెండో సంవత్సరం చదువుతున్నది. ప్రాజెక్టుకు 'వరంగల్ నగర పర్యావరణ సుస్థిరత' అని పేరు పెట్టుకుని చెరువుల వెంట తిరుగుతానంటున్నది. బ్యాంకు కోచింగ్‌లో వేస్తే నయం కదా?

జవాబు: బ్యాంకు పరీక్ష ఎక్కడికీ పోదండీ. ఐబీపీఎస్ పీవోకు 30 ఏళ్ల దాకా వయసుంది. బిడ్డను తిరగనివ్వండి. నా పేచీ అల్లా ఆ పేరుతోనే. చెత్త, ట్రాఫిక్, నాలాలు, చెట్లు అన్నీ అందులోకి వస్తాయి, ఒక్కటీ తేలదు. అలాంటి రిపోర్టులు చాలా తిరగేశాను. సగం నెట్‌లోంచి దించింది, సగం ఫొటోలు.

ఒక్క చెరువు చాలు. వడ్డేపల్లి కావచ్చు, మీ ఇంటి దగ్గరిది ఇంకేదైనా కావచ్చు. నీళ్లు లోపలికొచ్చే చోట ఒక సీసా, కట్ట దగ్గర ఒక సీసా, వారం వారం. కొలవాల్సింది నీళ్లలో కరిగిన ఆక్సిజన్. బుడగ రాకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయొడైడు గట్టు మీదే కలపాలి, కాలేజీకి తెచ్చాక కాదు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. మీరూ కళ్లారా చూడొచ్చు. ఎంతుందో ల్యాబులో టైట్రేషన్‌తో, అంటే ఇంకో ద్రావణం చుక్కచుక్కగా కలిపి కొలిస్తే తేలుతుంది. స్నానానికి పనికొచ్చే నీళ్లలో లీటరుకు 5 మిల్లీగ్రాములైనా ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

వేళ మారకూడదు. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా పీల్చుకుంటుంది. మధ్యాహ్నం బాగున్న చెరువులోనే తెల్లారేసరికి ఆక్సిజన్ అందక చేపలు చచ్చి తేలొచ్చు. అందుకని తెల్లవారుజామునే వెళ్లాలి. ఒక్కదాన్నే పంపకండి, మీ బండి మీద మీరే తీసుకెళ్లండి. గట్లు జారుతాయి.

భద్రకాళి చెరువును 2024 నవంబరులో పూడికతీతకు ఖాళీ చేశారు. అంతకుముందు రెండేళ్లు ఇలా వారం వారం కొలిచి రాసిపెట్టిన నోటుబుక్కు ఏ విద్యార్థి దగ్గరైనా ఉంటే, పూడిక తీయకముందు, తీశాక నీళ్లను పోల్చి చూడొచ్చు, దాని విలువే వేరు.

ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతాను. ఉత్త బీఎస్సీతో నీటి పరీక్షల ల్యాబుల్లో చేరితే జీతం పెద్దగా ఉండదు. తెలంగాణలో పీజీ సీట్లకు పెట్టే సీపీగెట్ పరీక్ష రాసి ఎమ్మెస్సీ చేయాలి. ఎంటెక్ లాంటి పీజీ చదువులకు దేశమంతటా పెట్టే గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్‌కు 2021 నుంచి విడి పేపరుంది, డిగ్రీ మూడో ఏట నుంచే రాయొచ్చు. ఇంటర్వ్యూలో 'నువ్వు స్వయంగా ఏం కొలిచావు?' అని అడిగితే చెప్పడానికి ఈ నోటుబుక్కు ఉంటుంది.

ఈ నీళ్లు పట్టడానికి వాడే 300 మిల్లీలీటర్ల గాజు సీసాలు (బీవోడీ సీసాలంటారు) కాలేజీ ల్యాబులో ఉన్నాయేమో సోమవారం వెళ్లి అడగమనండి.