ముడిచమురు ధర దిగినా మన బంకులో పెట్రోలు ధర ఎందుకు దిగదు?

అంతర్జాతీయంగా ముడిచమురు ధర పడిపోయినప్పుడు కూడా శ్రీకాకుళం జిల్లాలో పెట్రోలు ధర ఎందుకు తగ్గడం లేదని, ఆ మిగిలిన సొమ్మంతా చమురు కంపెనీల లాభాల్లోకే పోతోందా అని మీరు అడిగారు. ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి మీద ఉన్న ఒక బంకులో నేను కొన్నేళ్లపాటు లెక్కలు చూశాను. కంపెనీకి డబ్బు కట్టి ఇండెంటు (సరుకు ఆర్డరు) పెట్టడం, ట్యాంకరు వచ్చాక డెన్సిటీ (సరుకు సాంద్రత), డిప్పు (ట్యాంకులో సరుకు లోతు) చూసి లోడు దింపించుకోవడం, ఉదయం ఆరు గంటలకు ధర మారితే నిల్వ విలువను మళ్లీ కట్టడం నా పని. ఆ అనుభవంతో సూటిగా చెబుతున్నాను: మనం కట్టేదాంట్లో కొంత కంపెనీలకు లాభంగా పోతుంది, అంతకంటే చాలా ఎక్కువ పన్నుగా పోతుంది. ఏ ఏడాది ఎవరి వాటా ఎంత పెరగాలనేది ఎన్నికల తేదీలను, ఖజానా అవసరాలను బట్టి నడుస్తోంది.

ముందుగా లీటరు లెక్క చూడండి. ఒక బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు. బ్యారెల్ 70 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే లీటరు ముడిచమురు 37 రూపాయల చిల్లరకు వస్తుంది. శుద్ధి ఖర్చు, రవాణా, కంపెనీ మిగులు, డీలరు కమీషను దానికి కలుస్తాయి. ఆపైన కేంద్రం ఎక్సైజు సుంకం వేస్తుంది, ఆ సుంకంతో కూడిన ధర మీద రాష్ట్రం వ్యాట్ అనే అమ్మకం పన్ను వేస్తుంది. అంటే మనం పన్ను మీద కూడా పన్ను కడుతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం, డీజిలు మీద 22.25 శాతం వ్యాట్ ఉంది. అది చాలక లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. 2024 మార్చి తర్వాత విశాఖపట్నంలో పెట్రోలు 108 రూపాయల పైన ఉన్నప్పటి ధర నుంచి వెనక్కి లెక్క కడితే లీటరుకు రాష్ట్రానికి సుమారు 29 రూపాయలు, కేంద్రానికి 19 రూపాయల 90 పైసలు వెళ్లాయని తేలుతుంది. దోపిడీ అంతా ఢిల్లీదేనని, లేదా అంతా అమరావతిదేనని వాదించేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడాలి.

బంకుకు వచ్చేవారు నన్ను తరచుగా అడిగిన మరో ప్రశ్న, విశాఖలో శుద్ధి కర్మాగారం ఉండగా మనకెందుకింత ధర అని. ఆ కర్మాగారం 1957 నుంచి ఉంది. కానీ దాని గేటు దగ్గర పెట్రోలు, డీజిలు ధరను అంతర్జాతీయ మార్కెట్లో అవి పలికే ధరను బట్టి కడతారు. దగ్గరగా ఉన్నందుకు మనకు కలిసివచ్చేది కాస్త రవాణా ఖర్చు మాత్రమే.

పన్నుల్లో ఎవరెవరు ఏమి చేశారో చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. 2014 ఏప్రిల్‌లో కేంద్ర ఎక్సైజు పెట్రోలు మీద 9 రూపాయల 48 పైసలు, డీజిలు మీద 3 రూపాయల 56 పైసలు. ముడిచమురు ధర కూలుతున్న సమయంలో, ఆ ఏడాది నవంబరు నుంచి 2016 జనవరి వరకు సుంకాన్ని తొమ్మిదిసార్లు పెంచారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, భారత్ కొనే ముడిచమురు సగటు ధర 20 డాలర్ల లోపుకు పడిపోయింది. మే నెలలో పెట్రోలు మీద 10, డీజిలు మీద 13 రూపాయలు ఒక్క దెబ్బకు పెంచడంతో సుంకం 32 రూపాయల 98 పైసలకు, 31 రూపాయల 83 పైసలకు చేరింది. చౌక చమురు వల్ల కలగాల్సిన ఊరట జనానికి చేరకముందే ఖజానాకు మళ్లింది. ఇందులో చాలా భాగం సెస్సుల రూపంలోనూ ప్రత్యేక అదనపు సుంకం రూపంలోనూ ఉండటం వల్ల రాష్ట్రాలతో పంచుకోవలసిన అవసరం లేదు. 2021 ఫిబ్రవరి నుంచి రాష్ట్రాలకు పంచే మూల సుంకం లీటరు పెట్రోలు మీద 1 రూపాయి 40 పైసలు, డీజిలు మీద 1 రూపాయి 80 పైసలు మాత్రమే. రాష్ట్రాలు వ్యాట్‌ను వదులుకోకపోవడానికి ఇదొక నిజమైన కారణం.

అలాగని మన రాష్ట్ర ప్రభుత్వాలను నేను వెనకేసుకురాలేను. విభజన తర్వాత ఆదాయం లేదని చెప్పి 2015లో అప్పటి తెలుగుదేశం ప్రభుత్వం లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్ వేసింది, 2018 సెప్టెంబరులో 2 రూపాయలు తగ్గించింది. 2020లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఆ 2 రూపాయలను మళ్లీ కలిపి, రోడ్డు సెస్సును కొత్తగా చేర్చింది. 2021 నవంబరులో కేంద్రం సుంకాన్ని పెట్రోలు మీద 5, డీజిలు మీద 10 రూపాయలు తగ్గించినప్పుడు పొరుగున ఉన్న ఒడిశా తన వంతుగా మరో 3 రూపాయలు తగ్గించింది. మన ప్రభుత్వం తాను ఎందుకు తగ్గించదో వివరిస్తూ పత్రికల్లో ప్రకటనలు ఇచ్చింది. ఆ ప్రకటనల్లో కేంద్రం మీద చేసిన విమర్శలో న్యాయం ఉన్నా, సరిహద్దులో ఉన్న మాకు అది అక్కరకు రాలేదు. చెన్నై వైపు నుంచి కోల్‌కతా వెళ్లే లారీలు మా దగ్గర అవసరానికి పదో ఇరవయ్యో లీటర్లు పోయించుకుని, ఒడిశా సరిహద్దులోని గిరిసోల దాటాక ట్యాంకు నింపుకునేవి. పాతపట్నం వారు ఒడిశాలోని పర్లాకిమిడి వెళ్లినప్పుడల్లా అక్కడే బండి నింపుకురావడం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. పన్ను శాతం ఎక్కువగా ఉంచి అమ్మకాన్ని పొరుగు రాష్ట్రానికి పంపడం వల్ల మన ఖజానాకు కూడా మేలు జరగలేదని నా నమ్మకం.

ఇక కంపెనీల సంగతి. పెట్రోలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లో, డీజిలు మీద 2014 అక్టోబరులో పోయింది. 2017 జూన్ 16 నుంచి దేశమంతా ధరలు రోజూ మారే పద్ధతి వచ్చింది. కాగితం మీద ధర నిర్ణయించేది కంపెనీలే. కానీ 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 21 వరకు, అంటే ఉత్తరప్రదేశ్, పంజాబ్ తదితర రాష్ట్రాల ఎన్నికలు ముగిసి ఫలితాలు వచ్చేదాకా, మా బంకు బోర్డు మీద ధర కదలలేదు. ఈలోగా ఉక్రెయిన్ యుద్ధం మొదలై ముడిచమురు 110 డాలర్లు దాటింది. మార్చి 22న మొదలుపెట్టి ఏప్రిల్ 6 లోపు లీటరుకు సుమారు 10 రూపాయలు పెంచారు. 2018 మే నెలలో కర్ణాటక ఎన్నికలకు ముందూ, 2021లో బెంగాల్, తమిళనాడు, కేరళ ఎన్నికలప్పుడూ ఇదే తీరు. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా అంటే, రోజూ ధర నమోదు చేసుకున్న మనిషిగా నేను ఒప్పుకోలేను.

అలా ధర ఆపడం వల్ల బంకుల్లో వచ్చిన ఇబ్బందులు బయటివారికి పెద్దగా తెలియవు. చిల్లర ధరను ఆపిన కంపెనీలు, టోకున డీజిలు కొనే సంస్థలకు మాత్రం ధరను విపరీతంగా పెంచాయి. దాంతో డిపోలకు నేరుగా డీజిలు తెప్పించుకునే ఆర్టీసీ బస్సులు మామూలు బంకుల ముందు వరుస కట్టాయి. అలాంటి అమ్మకాలు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది కాబట్టి కంపెనీలు సరుకు బిగించాయి. మాకు అంతకుముందు ఉన్న అరువు పోయింది, ముందే డబ్బు కట్టినా లోడు ఆలస్యంగా వచ్చేది. వరినాట్లకు ముందు దమ్ము పట్టే రోజుల్లో క్యానులతో వచ్చిన రైతులకు స్టాకు లేదని చెప్పవలసి రావడం ఆ ఉద్యోగంలో నన్ను అన్నింటికంటే బాధపెట్టిన విషయం. 2022 జూన్‌లో కేంద్రం ఏ బంకూ అమ్మకం ఆపకూడదని నిబంధన తేవలసివచ్చింది.

2022-23 ఆర్థిక సంవత్సరం మొదటి ఆరు నెలల్లో మూడు ప్రభుత్వ రంగ కంపెనీలు కలిపి 21,000 కోట్ల రూపాయలకు పైగా నష్టం చూపించాయి. ఇది అబద్ధపు నష్టం కాదు, ధర ఆపినందుకు వచ్చినదే. తర్వాత ముడిచమురు దిగింది, రష్యా చమురు రాయితీ ధరకు దొరికింది. అయినా 2022 మే తర్వాత చిల్లర ధర దాదాపు రెండేళ్లు అలాగే నిలబడింది. 2023-24లో ఇండియన్ ఆయిల్‌కు 39,619 కోట్లు, భారత్ పెట్రోలియంకు 26,673 కోట్లు, హిందుస్థాన్ పెట్రోలియంకు 14,694 కోట్లు లాభం వచ్చింది. మొత్తం 81,000 కోట్లకు దగ్గర. 2024 మార్చి 15న లీటరుకు 2 రూపాయలు తగ్గించారు, మర్నాడే లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. 2025 ఏప్రిల్‌లో ముడిచమురు మళ్లీ పడితే కేంద్రం సుంకాన్ని 2 రూపాయలు పెంచింది. చిల్లర ధర పెరగలేదని చెప్పారు గానీ, తగ్గవలసింది తగ్గలేదన్న మాట ఎవరూ చెప్పలేదు.

వంటగ్యాసును ఖరీదుకంటే తక్కువకు అమ్మి కంపెనీలు నష్టపోయాయన్న వాదనను నేను కొట్టిపారేయను. అది నిజమే, అందుకు 2022లో 22,000 కోట్లు, 2025లో 30,000 కోట్లు పరిహారం మంజూరైంది. నా అభ్యంతరం మరొకటి. గత నష్టాన్ని వినియోగదారు నుంచి రాబడుతున్నప్పుడు ఎంత నష్టం వచ్చింది, ఇప్పటికి ఎంత రాబట్టారు, ఎక్కడితో ఆపుతారు అనే లెక్కను జనం ముందు పెట్టాలి. ఆ లెక్క ఎక్కడా లేదు. ఇండియన్ ఆయిల్‌లో, భారత్ పెట్రోలియంలో సగానికి పైగా వాటా నేరుగా కేంద్రానిదే. హిందుస్థాన్ పెట్రోలియంలో అది కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ ద్వారా ఉంది. లాభం వస్తే డివిడెండు పెద్ద వాటాదారుకే చేరుతుంది. కాబట్టి కంపెనీ లాభం, ప్రభుత్వ ఆదాయం అని రెండు వేరు గంపలుగా చూడటం సరికాదు. బంకు యజమాని చాలా సంపాదిస్తున్నాడనుకోవడం కూడా అంతే. కమీషను లీటరు పెట్రోలుకు సుమారు 4 రూపాయలు, డీజిలుకు అంతకంటే తక్కువ. అందులోనే జీతాలు, కరెంటు, ఆవిరైపోయే సరుకు అన్నీ గడవాలి.

ఈ భారం మన జిల్లాలో ఎవరి మీద పడుతుందో చూడండి. డీజిలు పెరిగినప్పుడు వరికోత యంత్రం గంట అద్దె వెంటనే పెరుగుతుంది, రెండు రూపాయలు తగ్గినప్పుడు ఆ అద్దె తగ్గదు. మత్స్యకారుల పడవలకు 2019 నుంచి లీటరుకు 9 రూపాయల రాయితీ ఇస్తున్నారు. అది మంచి పనే. కానీ రాయితీ రూపాయల్లో స్థిరంగా ఉండి, వ్యాట్ శాతంలో ఉంటే, ధర పెరిగిన ప్రతిసారీ ప్రభుత్వానికి వచ్చేది పెరుగుతుంది, భావనపాడు పడవకు అందేది పెరగదు.

జీఎస్టీలో చేరిస్తే అన్నీ చక్కబడతాయని చాలామంది రాస్తుంటారు. 2021 సెప్టెంబరు 17న లఖ్‌నవూ సమావేశంలో జీఎస్టీ మండలి ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది. ఇంత ఆదాయాన్ని కేంద్రమూ వదలదు, రాష్ట్రాలూ వదలవు. అంతకంటే చిన్నవి, వెంటనే చేయగలిగినవి రెండు ఉన్నాయి. రాష్ట్రం శాతం వ్యాట్‌ను తీసేసి లీటరుకు ఇంత అని రూపాయల్లో నిర్ణయిస్తే ధర పెరుగుదల నుంచి అదనపు ఆదాయం దండుకోవడం ఆగుతుంది. అలాగే బంకులో ఇచ్చే ప్రతి బిల్లు మీద కంపెనీ ధర, ఎక్సైజు, వ్యాట్, సెస్సు, కమీషను విడివిడిగా అచ్చు వేయాలి. బంకు కంప్యూటర్లో ఆ వివరాలు అచ్చు వేయడం కష్టమైన పనేమీ కాదని ఆ యంత్రం ముందు కూర్చున్నవాడిగా చెప్పగలను. అప్పటిదాకా పెట్రోలియం మంత్రిత్వ శాఖ కింది ప్రణాళిక, విశ్లేషణ విభాగం వెబ్‌సైటులో ఢిల్లీ ధరకు ఇచ్చే విభజన పట్టిక తీసుకుని, అందులోని ఢిల్లీ వ్యాట్ స్థానంలో మన 31 శాతం, 4 రూపాయలు, 1 రూపాయి వేసి చూడండి. రవాణా ఖర్చులో కొద్ది తేడా తప్ప, మీ ఊరి బంకు ధర దాదాపు వచ్చేస్తుంది.