ఎనిమిదింటి ఫోను

"నాకు ముప్పై మూడేళ్ళు. పాపకు నాలుగున్నర, బాబుకు రెండు. ఆరేళ్ళు వచ్చేదాకా పిల్లలకు ఇంట్లోనే నేర్పుదామని మేమిద్దరం అనుకుని, నేను ఉద్యోగం మానేశాను. మా నాన్నగారు ప్రధానోపాధ్యాయులుగా చేసి రిటైరయ్యారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆయన వీడియో కాల్ చేస్తారు. ఆ రోజు నేర్చుకున్నదంతా పాప ఆయనకు అప్పజెప్పాలి. యాభై దాకా అంకెలు గడగడా చెబుతుంది కానీ, అయిదు చెంచాలు తెమ్మంటే గుప్పెడు పట్టుకొస్తుంది. అది చూసి నాన్నగారు 'దీనికి బుర్ర ఎదగలేదా, లేక నీకు నేర్పడం రాదా' అన్నారు. పెన్సిల్ పట్టుకోమంటే ఏడుస్తుంది. ఎనిమిది కావస్తుంటే కడుపునొప్పి అంటుంది. పోయిన ఆదివారం జూకి వెళ్ళాం. చూపించవలసిన జంతువుల పేర్లు ముందే కాగితం మీద రాసుకున్నాను. పాప మాత్రం కొళాయి దగ్గర చీమల్ని చూస్తూ కూర్చుండిపోయింది. మా వారు కూడా దాని పక్కనే కూర్చుని 'చూడనీ' అన్నారు. నేను చేయి పట్టి లాక్కెళ్ళాను. రాత్రి తాతయ్య 'ఏం చూశావమ్మా' అని అడిగితే 'చీమలు' అంది. ఆయన నవ్వేసి 'ఇందుకా అంత దూరం వెళ్ళింది' అన్నారు. ఫోను పెట్టేశాక పాపను కొట్టాను. రోజుకు ఎన్ని గంటలు చదివించాలి? మంచి టైమ్‌టేబుల్ ఒకటి చెప్పండి. బాబుకు ఎప్పుడు మొదలుపెట్టాలి? మా వారు ఏమీ పట్టించుకోరు."
ఒక తల్లి

అమ్మా,

టైమ్‌టేబుల్ నేను ఇవ్వను. ఇస్తే దాన్ని కూడా మీరు గోడకు అంటించి ఎనిమిదింటికి నాన్నగారికి చూపిస్తారు.

చేత్తో రాసిన మీ ఉత్తరంలో ఒకే ఒక్క చోట కొట్టివేత ఉంది. "నీకు నేర్పడం రాదా" అన్న మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశారు. పాపకు బుర్ర ఎదగలేదా అన్న మాట మాత్రం ఎక్కడా తడబడకుండా రాసుకుపోయారు. నాకు మీ సంగతి అక్కడే అర్థమైంది. రోజూ రాత్రి పరీక్షకు కూర్చుంటున్నది నాలుగున్నరేళ్ళ పాప కాదు, మీరు. పాప మీ చేతిలోని జవాబు పత్రం. అందులో తప్పు దొర్లిందని ఆ రాత్రి చేయి చేసుకున్నారు. ఈ మాట మీకు నొప్పి కలిగిస్తుందని తెలిసే అంటున్నాను.

ముందుగా, మీ పాపకు ఏ లోపమూ లేదు. అంకెలను వరసగా చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. మొదటిది పాట లాంటిది, నోటికి వస్తుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అన్నప్పుడు ఆ చివరి మాట మొత్తం ఎన్ని ఉన్నాయో చెబుతుందన్న సంగతి పిల్లలకు ఒక్కసారిగా తట్టదు. చాలామందికి మూడున్నర, నాలుగున్నర ఏళ్ళ నడుమ మెల్లగా తెలిసివస్తుంది, కొందరికి ఇంకాస్త ఆలస్యమవుతుంది. అది తెలిసివచ్చిన పిల్లలు కూడా, అయిదు బిళ్ళలను దగ్గరగా పేర్చి, తర్వాత వాళ్ళ కళ్ళ ముందే ఎడంగా జరిపితే ఇప్పుడు ఎక్కువయ్యాయంటారు. పొట్టి గ్లాసులోని నీళ్ళను సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నీళ్ళు పెరిగాయంటారు. స్విట్జర్లాండ్ పరిశోధకుడు జీన్ పియాజే ఇలాంటివన్నీ పిల్లల ముందు పెట్టి చూశాడు. సాధారణంగా ఆరేడేళ్ళు వచ్చేదాకా ఈ తికమక పోదు. ఇది వయసు పని, ఎవరి పెంపకంలోనూ లోపం కాదు. భోజనాల వేళ కంచాలు పెట్టే పని పాపకు అప్పగించండి. "మనం ఎంతమందిమి, ఒక్కొక్కరికి ఒక్కొక్క చెంచా" అంటూ తనే వేస్తుంది. ఒకటి తక్కువైతే చెంచా లేనివాళ్ళు అడుగుతారు. మీరు తప్పు పట్టనక్కరలేదు.

పెన్సిల్ సంగతీ అంతే. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు ఎక్స్‌రే తీస్తే మామూలుగా వాటిలో ఒక్కటీ కనిపించదు. అన్నీ మెత్తటి మృదులాస్థే. ఒక్కొక్కటిగా ఎముకగా మారుతూ, చివరిది కనిపించే సరికి 8 నుంచి 12 ఏళ్ళు పడుతుంది. వేళ్ళలోని చిన్న కండరాలకూ పట్టు చిక్కాలి. మూడు వేళ్ళతో పెన్సిల్ కుదురుగా పట్టుకోవడం చాలామందికి నాలుగు, ఆరు ఏళ్ళ మధ్య వస్తుంది. 1907లో రోమ్ నగరపు పేదల పేటలో పసిపిల్లల కోసం తన మొదటి బడి తెరిచిన మరియా మాంటిస్సోరి, పిల్లల చేతికి ముందు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను ఇచ్చింది. వాటి మీద వేలు పోనిచ్చి, ఆకారం చేతికి అలవాటయ్యాకే రాత. ఆమె వైద్యురాలు కూడా. మీరు ఇంట్లో పిండి ముద్ద ఇవ్వండి, తడి ఇసుక ఇవ్వండి, బట్టలకు పెట్టే క్లిప్పులు తీసి పెట్టమనండి. ఏడుస్తున్న పాప చేతిని మీ చేత్తో పట్టి దిద్దించడం మాత్రం ఈ రోజే మానండి. అక్షరమంటే ఏడుపన్న ముద్ర ఒకసారి పడిందంటే చెరపడం కష్టం.

రోజుకు ఎన్ని గంటలని అడిగారు. గంటలంటూ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో, మూడు నాలుగేళ్ళ వాళ్ళు రోజులో కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని, 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలని, స్క్రీన్ ముందు కూర్చోవడం గంట దాటకూడదని ఉంది. అదే పత్రంలో, పిల్లలు కదలకుండా కూర్చునే సమయం ఎవరైనా చదివి వినిపించడానికీ కథ చెప్పడానికీ వాడుకుంటే మంచిదని కూడా ఉంది. రాత్రి నిద్రకు ముందు కథ ఒకటి, పగలు పాప తనంతట తాను పుస్తకం పట్టుకొచ్చినప్పుడు ఒకటి. మీ ఇంటిబడికి ఈ వయసులో అది చాలు. ఫిన్లాండ్‌లో పిల్లలు ఒకటో తరగతిలో చేరేదే ఏడో ఏట. అక్కడి వాళ్ళేమీ చదువుకోని వాళ్ళు కాదు. బాబుకు ఎప్పుడు మొదలుపెట్టాలన్నారు. వాడికి రెండేళ్ళమ్మా, వాణ్ని వదిలేయండి.

ఇక జూ సంగతి. ఆ చీమల దగ్గర ఏం జరిగిందో మీకు తెలియదు, ఎందుకంటే మీరు కాగితం చూసుకుంటున్నారు. కొళాయి చుక్క పడిన చోట చీమల బారు తెగిపోతుంది. వెనకొచ్చిన చీమ ఆ తడి దగ్గర ఆగి, అటూ ఇటూ తిరిగి, చుట్టూ వెళ్ళి మళ్ళీ బారులో కలుస్తుంది. ముందు వెళ్ళినవి నేల మీద వదిలిన వాసనే వాటికి దారి. తడి దాన్ని చెరిపేస్తే మళ్ళీ వెతుక్కోవాలి. ఎదురొచ్చిన చీమలు రెండూ ఒక క్షణం ఆగి, మీసాలు తాకించుకుని వెళ్ళిపోతాయి. నాలుగున్నరేళ్ళ పిల్ల కాళ్ళు మడుచుకుని ఇదంతా చూస్తోంది. ఇంటిబడి పెట్టుకున్న ఏ తల్లి అయినా ఆ నిమిషం కోసమే పెట్టుకుంటుంది. ఏనుగు బోను అవతల ఎక్కడో దూరంగా ఉంటుంది, చీమ తన వేలి పక్కనే ఉంది. పసివాళ్ళు దగ్గరున్నదాన్నే చూస్తారు. ఆ చూపును మీరు చేయి పట్టి లాగేశారు. రాత్రి తాతయ్య అడిగితే పాప నిజమే చెప్పింది. నిజం చెప్పినందుకు ఒకరు నవ్వారు, ఒకరు కొట్టారు.

పిల్లలతో బయటికి వెళ్ళేటప్పుడు జాబితా రాసుకోవద్దు. ఒక పూట, ఒకే చోటు. బాబు నిద్ర వేళకు ఇల్లు చేరేలా చూసుకోండి. ఏడుపు మొదలయ్యాక బయలుదేరితే దారంతా ఏడుపే, మొదలుకాకముందే లేవండి. ప్రయాణం ఎక్కువైతే మధ్యలో ఆగి కాసేపు పరుగెత్తనివ్వండి. నీళ్ళు, ఒక జత బట్టలు వెంట ఉంటే చాలు. చూసింది ఒక్కటే అయినా వాళ్ళకు అది పెద్ద రోజే.

మీ వారు పట్టించుకోరని రాశారు. మీరు రాసిన దాంట్లో ఆదివారం నాడు పాపను పట్టించుకున్న మనిషి ఆయన ఒక్కరే. నేల మీద కూర్చుని దానితోపాటు చీమల్ని చూశారు, మిమ్మల్ని "చూడనీ" అన్నారు. మీ నాన్నగారి ముందు ఆయన నోరెత్తకపోవడాన్నే మీరు పట్టించుకోకపోవడం అంటున్నట్టున్నారు. అల్లుడు మామగారితో ఈ విషయం మాట్లాడకూడదు. మాట్లాడితే రెండు కుటుంబాల మధ్య మాట పట్టింపవుతుంది. ఇది కూతురు తండ్రితో తేల్చుకోవలసినది. మీ వారి వెనక నిలబడి ఆయన చేత మాట్లాడించే ప్రయత్నం చేయకండి.

తండ్రిని గౌరవించాలి. ఆయనకు ఒంట్లో బాగోకపోతే పరుగెత్తాలి, పెద్దతనంలో దగ్గరుండి చూసుకోవాలి. ఇందులో ఇసుమంత కూడా తగ్గకూడదని నమ్మే మనిషిని నేను. కానీ మీ ఇంట్లో మీ బిడ్డను ఎలా పెంచాలన్నది మీరూ మీ వారూ కలిసి తీసుకున్న నిర్ణయం. రోజూ దానికి సంజాయిషీ ఇచ్చుకోవడం గౌరవం కిందికి రాదు. మీ చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేటప్పుడు కూడా ఇలాగే కడుపులో దేవినట్టు ఉండేదా? ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఉండేదని నాకు అనిపిస్తోంది. ఆయన చెడ్డవారు కాదు. జీవితమంతా పిల్లల్ని ప్రశ్నలడిగి, జవాబులు దిద్దిన మనిషికి ప్రేమ చూపించడం కూడా అలాగే వచ్చి ఉండవచ్చు. కానీ దాని బరువు మోసేది ఇప్పుడు మీ పాప.

పాప లేనప్పుడు, పగటి వేళ, మీరే ఫోను చేయండి. "నాన్నా, ఇకనుంచి రాత్రిపూట పాప ఏమీ అప్పజెప్పదు. మీరు దానికి కథ చెప్పండి. నాకు మీరు చెప్పిన కథలు ఇప్పటికీ గుర్తున్నాయి" అనండి. నిజంగా గుర్తున్న కథ ఒకటి పేరుపెట్టి చెప్పండి. "పాప చదువు సంగతి మేమిద్దరం చూసుకుంటాం, సందేహం వస్తే మిమ్మల్నే అడుగుతాను" అని కూడా చెప్పండి. అంతకు మించి ఒక్క మాట వద్దు. మాంటిస్సోరి, ఫిన్లాండ్, నేను రాసిన ఎముకల లెక్క, ఏదీ ఆయన ముందు పెట్టకండి. పెడితే అది వాదనవుతుంది, వాదనలో మీరు మళ్ళీ ఎనిమిదో తరగతి పిల్లవుతారు. ఆయనకు కోపం వస్తుంది. నాలుగు రోజులు ఫోను చేయకపోవచ్చు, మీ అమ్మగారు మధ్యలో కల్పించుకుని "పెద్దాయన మనసు కష్టపెట్టావు" అనవచ్చు. బెంగపడి మీరు ఆ పరీక్షను మళ్ళీ మొదలుపెట్టకండి. మామూలుగా కుశలం అడగండి, ఆయన మందుల సంగతి కనుక్కోండి. కథ చెప్పడానికి ఆయన ఒప్పుకున్న రోజు పాపను ఫోను ముందు కూర్చోబెట్టండి. మధ్యలో "అయితే ఇప్పుడు చెప్పు, అడవిలో ఎన్ని జంతువులున్నాయి" అని మొదలుపెడితే, నవ్వుతూనే "నాన్నా, కథ" అనండి. పదిసార్లయినా అనవలసి వస్తుంది. అనండి.

కడుపునొప్పి నాటకం కాదు. పిల్లలకు భయం నిజంగానే కడుపులో నొప్పిగా వస్తుంది. ఫోను రాని రోజున ఆ నొప్పి ఉంటోందా లేదా గమనించండి. రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, జ్వరం, వాంతులు, బరువు తగ్గడం ఉన్నా, ఫోనులో అప్పజెప్పడం మానిపించిన తర్వాత కూడా నొప్పి పోకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి.

కొట్టినందుకు పాపకు క్షమాపణ చెప్పండి. "అమ్మది తప్పు" అని ఊరుకోకూడదు. ఎదురుగా కూర్చుని, "నువ్వు చీమలు చూశానని చెప్పావు, అది నిజం. నేను కొట్టడం తప్పు" అని విడమరిచి చెప్పాలి. తల్లి బిడ్డకు క్షమాపణ చెబితే చులకనైపోతుందని ఎవరైనా అంటే వినకండి.

వచ్చే ఆదివారం అదే జూకి, అదే కొళాయి దగ్గరికి వెళ్ళండి. కాగితం వద్దు. మీ వారు బాబును చూసుకుంటారు. మీరు పాప పక్కన నేల మీద కూర్చోండి. ఏమీ నేర్పకండి, పేర్లు చెప్పకండి, ఎన్ని ఉన్నాయని అడగకండి. చీమలు వెళ్ళిపోయి పాప తనంతట తాను లేచేదాకా ఉండండి. ఆ రాత్రి ఎనిమిదింటికి మీ ఫోను వేరే గదిలో ఉండాలి.