జాక్వెలిన్ మీద నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన చాప్టర్లు చదివాను. ఆరొందల ఏళ్ళ కిందట ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల్ని ఏలిన జాక్వెలిన్ ఆఫ్ హేనో మీద తెలుగులో ఒకరు రాస్తున్నారంటేనే నాకు చాలా సంతోషమేసింది, పైగా నీ వాక్యం బావుంది, చదివిస్తుంది. కానీ ఆవిడ నాలుగు పెళ్ళిళ్ళనీ నాలుగు ప్రేమకథల్లా రాసుకుంటూ పోతున్నావు, అక్కడే నాకు అభ్యంతరం. ప్రతి పెళ్ళి దగ్గరా ఆగి ఇందులో ఎవరికి ఏ భూమి వస్తోంది అని చూడు, ఆ తర్వాత మరి ఆమె ఏం కావాలనుకుంది అని కూడా చూడు, ఈ రెండోదే అందరూ వదిలేస్తారు.

ముందు పేర్ల సంగతి. మొదటి మొగుడు జాన్, రెండో మొగుడు జాన్, బాబాయి జాన్, మేనమామ కూడా జానే. పది పేజీలకే చదివేవాళ్ళకి బుర్ర తిరుగుతుంది. మనకి వరసలున్నాయి కదా, వాడుకో. బాబాయి అను, మేనమామ కొడుకు అను, ఇట్టే గుర్తుంటారు. పైగా అసలు గొడవంతా ఇంట్లోవాళ్ళ మధ్యే అని దానంతటదే తెలిసిపోతుంది.

తండ్రి చావుని ఒక్క పేరాలో దాటేశావు, అలా చెయ్యకు. 1415లో ఫ్రాన్స్ రాజు కొడుకుతో పెళ్ళి, ఆ ఏడాది చివర్లో అతని అన్న పోవడంతో అతనే యువరాజు, అంటే ఈ పిల్ల కాబోయే ఫ్రాన్స్ రాణి. 1417 ఏప్రిల్‌లో అతను పోయాడు, మే నెలాఖరుకి తండ్రీ పోయాడు, అప్పటికి ఆమెకి పదహారు కూడా నిండలేదు, హేనో, హాలండ్, జీలాండ్ మూడింటికీ ఒక్కగానొక్క వారసురాలు. ఆడపిల్లకి ఇవ్వడమేంటని బాబాయి లేచాడు, అప్పటి జర్మనీ రాజు సిగిస్మండ్ ఆయన వైపే నిలబడ్డాడు. ఏప్రిల్, మే, ఆ రెండు నెలలకి ఒక చాప్టర్ మొత్తం ఇవ్వు.

రెండో పెళ్ళి 1418లో, మేనమామ కొడుకు, హేనో పక్కనున్న బ్రబాంట్ డ్యూక్‌తో. ఇక్కడ మన రీడర్‌కి కొంచెం చెప్పాలి. మనకి మేనరికం మామూలు, అప్పట్లో అక్కడ చర్చి ఒప్పుకునేది కాదు, పోప్ ప్రత్యేకంగా పర్మిషన్ ఇవ్వాల్సి వచ్చేది. పోప్ మార్టిన్ ముందు ఇచ్చాడు, తర్వాత వెనక్కి తీసుకున్నాడు, అయినా పెళ్ళి చేసేశారు, ఆనక మళ్ళీ ఒప్పుకున్నాడు. అంటే ఈ పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నది ఎవరికి కావాల్సినప్పుడు వాళ్ళు బయటికి తీయగలిగే ఆయుధం, నీ కథకి వెన్నెముక అదే. ఆ మొగుడు 1420లో ఏం చేశాడో తెలుసుగా, ఆమె హాలండ్, జీలాండ్‌లని పన్నెండేళ్ళకి ఆ బాబాయికే తాకట్టు పెట్టాడు! ఆమె వదిలేసి వెళ్ళింది అందుకే, నువ్వు రాసినట్టు మొగుడు ముద్దుగా చూడలేదని కాదు.

1421లో కలే రేవు మీదుగా ఇంగ్లండ్ చేరడం, తర్వాత ఇంగ్లండ్ రాజు అయిదో హెన్రీ తమ్ముడు హంఫ్రీని చేసుకోవడం ఆమె తనంతట తీసుకున్న నిర్ణయాలు. రెండో పెళ్ళి సంగతి రోమ్‌లో తేలకుండానే చేసుకుంది. అప్పట్లో ఫ్రాన్స్ మీద యుద్ధంలో ఇంగ్లండ్‌కి బర్గండీ సాయం ప్రాణం లాంటిది, బర్గండీ డ్యూక్ ఫిలిప్ ఇంకో మేనమామ కొడుకు, ఆ భూముల మీదే అతని కన్ను. అందుకే ఈ పెళ్ళి లండన్‌లో చాలామంది పెద్దలకి తలనొప్పైంది. హంఫ్రీ సైన్యంతో హేనో వచ్చి 1425లో ఆమెని మోన్స్‌లో వదిలి వెనక్కి వెళ్ళిపోయాడు, వెంట వెళ్ళినావిడ ఎలినార్ కోబమ్, జాక్వెలిన్ పరివారంలో మనిషే.

మోన్స్ నుంచి జూన్‌లో ఆమె హంఫ్రీకి రాసిన ఉత్తరం చదివావా? నాకంటే దుఃఖపడ్డదీ, మోసపోయినదీ ఇంకో ఆడది బతికి లేదు అని రాస్తుంది. ఆ ఉత్తరం శత్రువుల చేతికే చిక్కింది. నువ్వు రాసిన మూడు పేజీల ఏడుపు తీసేసి ఆ ఉత్తరాన్ని అక్కడ పెట్టు. ఆమెని ఫిలిప్ మనుషులు పట్టుకెళ్ళి గెంట్ ఊళ్ళో ఉంచితే మగ బట్టలేసుకుని తప్పించుకుని హాలండ్‌లో తన పక్షంవాళ్ళని కూడగట్టి దాదాపు మూడేళ్ళు యుద్ధం చేసింది. నీ డ్రాఫ్ట్‌లో ఇది నాలుగు లైన్లే ఉంది, నాకు నిజంగా బాధేసింది.

ఇంకో సంగతి నీకు దొరకలేదనుకుంటా. లండన్ మార్కెట్ ఆడవాళ్ళు కొందరు పార్లమెంటుకి వెళ్ళి, భార్యని అక్కడ బందీగా వదిలేసి ఇక్కడ ఇంకొకామెతో ఉంటావా అని హంఫ్రీని నిలదీస్తూ ఉత్తరాలిచ్చారు. 1428లో పోప్ హంఫ్రీతో పెళ్ళి చెల్లదన్నాడు, అతను ఎలినార్‌ని చేసుకున్నాడు, జాక్వెలిన్ డెల్ఫ్ట్‌లో ఫిలిప్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఆ ఒప్పందంలో ఒక షరతు చూడు, ఫిలిప్, ఆమె తల్లి, మూడు ప్రాంతాల సభలు ఒప్పుకోకుండా ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. పాతికేళ్ళు దాటిన పాలకురాలికి!

నాలుగో ఆయన ఫ్రాంక్ వాన్ బోర్సెలె విషయంలో జాగ్రత్త. రహస్య పెళ్ళి, అతన్ని జైల్లో పెడితే విడిపించడానికి ఆమె రాజ్యం వదులుకుందన్న కథ చాలా అందంగా ఉంటుంది, కానీ చరిత్రకారులు దాన్ని అనుమానిస్తారు. గట్టిగా తెలిసింది 1433లో మొత్తం ఫిలిప్‌కి రాసిచ్చేసిందని, 1434లో ఫ్రాంక్‌తో అందరి ముందూ పెళ్ళయిందని, 1436లో టేలింగెన్ కోటలో పోయిందని. ఆ కథ కావాలంటే ఊళ్ళో వాళ్ళ నోట చెప్పించు, నీ నోటితో చెప్పకు.

ముందు మోన్స్, గెంట్ చాప్టర్లు మళ్ళీ రాసి పంపు. మిగతావి అవి చదివాక మాట్లాడుకుందాం.