బెట్టకు బయో మందు కొట్టినా పూత రాలిపోయింది, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: కౌలుకు తీసుకున్న పొలంలో మిరప వేశాను. సరిగ్గా పూత మీద ఉండగా వానలు మొహం చాటేశాయి. యూరియాకు వెళ్తే, బయో మందు కూడా తీసుకుంటేనే బస్తాలు ఇస్తానన్నాడు డీలరు. ‘ఎంత బెట్టనైనా తట్టుకుంటుంది, ఒక్క పూత రాలదు’ అన్నాడు. సీసా మీదా అలాగే రాసి ఉంది. రెండుసార్లు కొట్టినా పూతా పిందే రాలిపోయాయి. అడిగితే ‘వాన పడకపోతే మందేం చేస్తుంది’ అంటున్నాడు. సరుకు అప్పు మీద తెచ్చాను. తెల్ల చీటీ రాసిచ్చాడు, అదీ మా బావమరిది పేరు మీద. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కాకపోతే ‘మందు కొట్టినా పంట పోయింది’ అన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే నెగ్గడం కష్టం. డీలరు వాదనను కోర్టు కొట్టిపారేయదు. మీరు బయో మందు అంటున్నది బయోస్టిమ్యులెంట్. అది మామూలు ఎరువూ కాదు, పురుగుమందూ కాదు. మొక్క పోషకాలు తీసుకోవడానికి, ఎదగడానికి, ఒత్తిడిని తట్టుకోవడానికి తోడ్పడేది. సముద్రనాచు సారం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. ఇవి నీటికి బదులు కావు. పైగా చాలావరకు బెట్ట మొదలు కాకముందో, మొదట్లోనో కొడితేనే ఎంతోకొంత ఫలితం. ఆకులు వాడిపోయాక కొట్టారని కంపెనీ లాయరు తప్పకుండా అంటాడు. కాబట్టి మీరు ఏ తేదీన, ఎంత మోతాదులో కొట్టారో, అప్పటికి చేను ఎలా ఉందో ఇప్పుడే కాగితం మీద పెట్టండి.

మీ బలం సీసా మీదే ఉంది. అది పారేయలేదు కదా? లేబుల్‌ను నాలుగు వైపులా ఫోటో తీయండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఏ పంటకు ఎంత వాడాలన్న చిన్న అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. ఎందుకంటే 2021 ఫిబ్రవరిలో కేంద్రం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 20సి క్లాజు చేర్చి ఈ మందులను దాని కిందికి తెచ్చింది. అనుమతి పొందిన ప్రతి మందునూ, అందులో ఏముండాలి, ఏ పంటకు ఎంత వాడాలి అన్న వివరాలతో సహా ఆ ఉత్తర్వులోని ఆరో షెడ్యూలులో, అంటే అనుమతి జాబితాలో చేరుస్తుంది. అలా చేర్చేదాకా అమ్ముకోవడానికి ఇచ్చిన తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్ 16తో ముగిసింది. ఆ తర్వాత తయారై, షెడ్యూలులో లేని మందు అమ్మితే అది నేరం. షెడ్యూలులో ఉన్నా మిరపకు అనుమతి లేకపోతే, ‘మీ పంటకు కాని మందు అంటగట్టారు’ అని నిలదీయవచ్చు. ‘పంట పోయింది’ అనడం కంటే ఇది పది రెట్లు గట్టి వాదన. ఇక ‘పురుగునూ ఆపుతుంది’ అని కూడా లేబుల్ మీద ఉంటే అది 1968 పురుగుమందుల చట్టం పరిధిలోకి పోతుంది, దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. మీరు మూత తీసిన సీసాను పరీక్షకు పంపితే ‘ఏదో కలిపారు’ అంటారు. ఎరువుల ఇన్‌స్పెక్టరు అదే బ్యాచ్ సీలు సీసాను కొట్టులోనే నమూనాగా తీస్తే ఆ మాటకు తావుండదు. ఆలస్యం చేస్తే ఆ స్టాకు మాయమవుతుంది, నేను చూసిన కేసుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. మోళ్లు పీకేయకముందే చేనును అధికారి చేతో, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్త చేతో చూపించి నివేదిక అడగండి. ఆ తనిఖీకి రమ్మని డీలరుకు, కంపెనీకి ముందే రిజిస్టర్డ్ పోస్టులో కబురు పెట్టండి. వాళ్లు రాకపోయినా ఫరవాలేదు, పిలిచినట్టు రుజువు ఉంటుంది.

చీటీ గురించి, అప్పు గురించి టెన్షన్ పడకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం డబ్బు కట్టినవాడే కాదు, కడతానని ఒప్పుకున్నవాడూ వినియోగదారుడే. కొన్నవాడి అనుమతితో వాడినవాడూ అంతే. కాబట్టి బావమరిది చేత ‘నా పేరు మీద రాసినా వాడింది ఇతనే’ అని అఫిడవిట్ తీసుకుంటే చాలు. పొలం మీది కాకపోవడమూ అడ్డు కాదు, కౌలు కాగితమో, పక్క రైతుల సాక్ష్యమో ఉంచుకోండి. బిల్లు ఇవ్వకపోవడం డీలరు తప్పే, ఆ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కిందే లెక్కిస్తుంది. ‘రైతు వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడు కాడు’ అన్న పాత వాదన ఇంకా వేస్తుంటారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాల కేసులో 2012లోనే సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. పరీక్షకని రైతు కొంత విత్తనం దాచిపెట్టుకుంటాడని ఆశించలేమనీ అదే తీర్పులో చెప్పింది. మందుల విషయంలోనూ ఆ తర్కాన్ని ఎత్తి చూపవచ్చు.

యూరియాతో ముడిపెట్టి అమ్మడాన్ని ఫిర్యాదులో విడిగా ఒక పేరాలో రాయండి. ఇలా బలవంతంగా అంటగట్టడం ఆపాలని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖలు రాశారు. ఆ రోజు మీతో పాటు బస్తాలు తెచ్చుకున్న మరో ఇద్దరు ముగ్గురు సాక్ష్యం చెబితే అది గట్టిగా నిలుస్తుంది.

కేసు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి, మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు గడువు. సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. డీలరును, తయారీదారును ఇద్దరినీ చేర్చండి. మందు డబ్బు, పిచికారీ కూలి, పంట నష్టం విడివిడిగా అడగండి. పంట మొత్తం పోయిన లెక్క మాత్రం వేయకండి. వాన లేక వచ్చిన నష్టాన్నీ కంపెనీ నెత్తినే వేస్తే, నిజమైన భాగం మీద కూడా అనుమానం వస్తుంది. మందు కొట్టని పక్క చేలో దిగుబడి ఎంతో చూపగలిగితే లెక్క తేలిక.

డీలరు బాకీ ఊరికే ఎగ్గొట్టవద్దు. యూరియా డబ్బు కట్టి రసీదు తీసుకోండి. మందు డబ్బు మీద వివాదం ఉందని డీలరుకు నోటీసు రాసి పంపి, ఆ మేరకు ఆపండి.