హైదరాబాద్ వాళ్లే కొంటే ఫుట్‌బాల్ జట్టు ఊళ్లోనే ఉంటుందా?

గ్యారంటీ ఏమీ లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది. ఫైనల్ షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి ఏకంగా మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరక్కుండానే జీతాలందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2024లో క్లబ్ చేతులు మారింది, 2025లో జట్టే ఢిల్లీకి తరలింది. యజమానిది ఏ ఊరన్నది తర్వాత, నష్టాన్ని ఎన్నేళ్లు మోయగలడన్నదే ముందు చూడాలి.

అమెరికాలో గ్రీన్ బే లక్ష జనాభా ఉన్న పట్టణం. అక్కడి ప్యాకర్స్ జట్టుకు (అది అమెరికన్ ఫుట్‌బాల్ లెండి) 5 లక్షలకు పైగా వాటాదారులున్నారు. డివిడెండ్ రాదు, వాటాను లాభానికి అమ్ముకోలేరు; అందుకే జట్టును ఎవరూ ఎత్తుకుపోలేరు. కానీ దాన్ని బతికిస్తున్నది టీవీ డబ్బు, లీగ్ దాన్ని 32 జట్లకూ సమానంగా పంచుతుంది. అలాంటి పంపకం లేకుండా మనం చందాలేసుకుని కొంటే, ఏటా మళ్లీ చందా ఎత్తాల్సిందే.