పాఠకుల ప్రశ్నలు: రికార్డుల దుకాణంలో కొత్తవీ, ఏళ్లుగా నిలిచినవీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎల్పీ రికార్డుల (ముల్లు పెట్టి రెండు వైపులా వినే పెద్ద గ్రామఫోన్ రికార్డుల) గురించీ, వాటిని అమ్మే చిన్న స్వతంత్ర దుకాణాల గురించీ ఉన్నాయి. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, ఏడు ప్రశ్నలుగా కుదించి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: స్వతంత్ర రికార్డుల దుకాణాల వాళ్లు "ఈ వారం ఎక్కువగా అమ్ముడైనవి" అని పెట్టే జాబితాకూ, అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే జాబితాకూ పొంతనే కనిపించడం లేదు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మదగినవే. అయితే అవి లెక్కపెట్టేది ఒకటే విషయాన్ని కాదు. బిల్‌బోర్డ్ 200 అనే ఆల్బంల జాబితాలో 2014 డిసెంబరు నుంచి స్ట్రీమింగ్ కూడా కలుస్తోంది కాబట్టి, ఒక ఆల్బంలోని పాటలను లక్షలాది మంది ఫోన్లలో విన్నా అది పైకి వెళుతుంది. దుకాణం జాబితాలో లెక్కకు వచ్చేది డబ్బు చెల్లించి చేత్తో పట్టుకెళ్లిన రికార్డు మాత్రమే. పెద్ద జాబితాల సంగతి కూడా మొదటినుంచీ ఇలాగే లేదు. 1991 మే నెల వరకు బిల్‌బోర్డ్ వాళ్లు దుకాణాలను అడిగి, ఏది బాగా పోతోందో వాళ్లు చెప్పిన వరుసను బట్టి జాబితా తయారుచేసేవారు. ఆ నెలలో బార్‌కోడ్ లెక్కలు వచ్చాక, అంతవరకు చిన్నచూపు చూసిన కంట్రీ, ర్యాప్ ఆల్బంలు ఒక్కసారిగా పైకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బం ఒకటి విడుదలైన వారమే మొదటి స్థానంలో నిలిచింది.

దుకాణం జాబితాలో గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అసలైనది అదే. దుకాణదారు తెప్పించిన రికార్డే అమ్ముడవుతుంది, తెప్పించనిది ఎంత గొప్పదైనా ఆ జాబితాలోకి రాదు. కొత్త ఎల్పీలను చాలావరకు వెనక్కి ఇచ్చే వీలు లేకుండానే కొనుక్కోవాలి. అందువల్ల పేరు తెలియని బృందం మొదటి ఆల్బం పది కాపీలు వరుసగా గోడమీద కనిపించాయంటే, ఆ యజమాని తన సొంత డబ్బు పెట్టి ఒక అభిప్రాయం చెప్పినట్టే. స్ట్రీమింగ్ సంస్థ సిఫారసు చేసిన పాట మీకు నచ్చకపోతే ఆ సంస్థకు పోయేదేమీ లేదు, ఇక్కడ మాత్రం నష్టం యజమానిదే. కాబట్టి జాబితాలో అంకెలకన్నా, రికార్డు కింద చేతిరాతతో అంటించిన నాలుగు వాక్యాల చీటీని శ్రద్ధగా చదవండి. ఆ రాసినవారి అభిరుచి మీకు రెండు మూడుసార్లు సరిపోయిందనుకోండి, ఇక నాలుగోసారి వినకుండానే కొనవచ్చు.

ప్రశ్న: కొత్త విడుదలల పక్కనే యాభై ఏళ్లనాటి ఆల్బంలు ఇప్పటికీ ఎక్కువగా అమ్ముడయ్యేవాటిలో ఎందుకుంటున్నాయి? కొత్తవాళ్ల చోటును అవి ఆక్రమించడం లేదా?

జవాబు: మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 నాటిది, బీటిల్స్ 'యాబీ రోడ్' 1969 నాటిది, పింక్ ఫ్లాయిడ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973 నాటిది, ఫ్లీట్‌వుడ్ మాక్ 'రూమర్స్' 1977 నాటిది. కొత్తగా టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) కొన్నవారిలో చాలామంది వీటిలో ఒకటో రెండో మొదట కొంటారు, అలా కొనేవారు ఏటా కొత్తగా వస్తూనే ఉన్నారు. అమెరికాలో 2020లో ఎల్పీల రాబడి 1986 తర్వాత మొదటిసారిగా సీడీల రాబడిని దాటింది. 2022లో సంఖ్యలో కూడా దాటింది. ఆ ఏడాది సుమారు 4 కోట్ల 10 లక్షల ఎల్పీలు, 3 కోట్ల 30 లక్షల సీడీలు అమ్ముడయ్యాయి.

అమ్మకాల లెక్క పక్కనపెట్టినా, ఆ ఆల్బంలు ఎల్పీగా వినడానికే కూర్చినవి. 'యాబీ రోడ్' మొదటి వైపు చివరి పాటను తీసుకోండి. గిటార్లు ఒకే వరుసను మళ్లీ మళ్లీ వాయిస్తూ ఉంటే, వెనక ఈదురుగాలి లాంటి హోరు అంతకంతకూ పెరిగి, పాట మధ్యలోనే కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. శ్రోత లేచి, రికార్డు తిప్పి, ముల్లు మళ్లీ పెట్టేదాకా ఆ నిశ్శబ్దం అలాగే ఉంటుంది. అప్పుడు 'హియర్ కమ్స్ ద సన్' మొదటి గిటార్ స్వరాలు వినిపిస్తాయి. స్ట్రీమింగ్‌లో ఆ రెండు పాటల మధ్య ఉన్నది ఒక్క క్షణమే, లేచి వెళ్లి తిప్పవలసిన పని ఉండదు, కాబట్టి ఆ విశ్రాంతీ ఉండదు.

ఇక చోటు విషయానికి వస్తే, నేను మీతో ఏకీభవించను. ఈ పాత ఆల్బంలు నమ్మకంగా అమ్ముడవుతాయి కాబట్టే, అమ్ముడవుతుందో లేదో తెలియని కొత్త ఆల్బంను తెప్పించే ధైర్యం చిన్న దుకాణానికి ఉంటుంది.

ప్రశ్న: ఆల్బం శుక్రవారం విడుదలైంది, ఫోన్లో వినేశాను. ఎల్పీ మాత్రం ఆరు నెలల తర్వాత వస్తుందంటున్నారు. ఒక రికార్డు తయారు చేయడానికి అంత కాలం పడుతుందా?

జవాబు: ఒక్క రికార్డును అచ్చుకొట్టడానికి పట్టేది అర నిమిషమే. ఆలస్యం దానికి ముందున్న పనుల్లోనూ, వంతు కోసం వేచి ఉండటంలోనూ జరుగుతుంది.

ముందుగా అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత పూసిన బిళ్ల మీద, వేడెక్కిన ముల్లుతో గాడి కోస్తారు. మెత్తని ఆ బిళ్ల మీద వెండి పొర చల్లి, నికెల్ ద్రావణంలో ముంచి విద్యుత్తుతో లోహపు పూత పెంచి, దాన్ని ఊడదీస్తారు. గాడి స్థానంలో గట్టు ఉండే ఈ లోహపు నకలు నుంచి మళ్లీ గాడి ఉండే నకలు, దాని నుంచి అచ్చుకొట్టే నికెల్ రేకులు తయారవుతాయి. ఈ రేకు ఒకటి సుమారు వెయ్యి రికార్డులకు అటూ ఇటూ పనిచేసి అరిగిపోతుంది, అప్పుడు కొత్తది చేయాలి. ఆవిరితో వేడెక్కిన రెండు రేకుల మధ్య మెత్తబడిన పీవీసీ ముద్దను పెట్టి వంద టన్నులకు పైగా బరువుతో నొక్కి, వెంటనే నీటితో చల్లారుస్తారు. పూర్తి స్థాయి పని మొదలయ్యే ముందు కొన్ని నమూనా రికార్డులు తీసి కళాకారులకు పంపుతారు. ఒక గాడిలో చిటపట వినిపించినా పని వెనక్కి పోతుంది, బహుశా లక్క బిళ్ల దాకా.

ఇంత పని చేయగల కర్మాగారాలు ప్రపంచంలో తక్కువ. సీడీల కాలంలో అచ్చు యంత్రాలను చాలావరకు తుక్కు కింద అమ్మేశారు, కొత్త యంత్రాల తయారీ 2010ల మధ్యలో గానీ మళ్లీ మొదలుకాలేదు. లక్క బిళ్లల సంగతి ఇంకా సున్నితమైనది. వాటిని తయారుచేసే సంస్థలు రెండే ఉండగా, 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బానింగ్‌లో ఉన్న అపోలో మాస్టర్స్ కర్మాగారం అగ్నిప్రమాదంలో పూర్తిగా కాలిపోయింది. జపానులోని రెండో సంస్థే మిగిలింది. సరిగ్గా అదే సమయంలో ఎల్పీలకు గిరాకీ పెరిగింది. కొన్ని చోట్ల లక్కకు బదులు రాగి పళ్లెం మీదే నేరుగా గాడి కోసే పద్ధతి ఉండబట్టి పని ఆగలేదు.

వరుసలో అందరికంటే వెనక నిలబడేది మూడు వందల కాపీలు అడిగే చిన్న సంస్థే. పెద్ద సంస్థలు లక్షల కాపీలకు ముందే తమ వంతు ఖాయం చేసుకుంటాయి. 2015 జులై 10 నుంచి కొత్త ఆల్బంలన్నీ శుక్రవారమే విడుదల కావడం ప్రపంచమంతటా ఆనవాయితీ అయింది. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం ఉండేది. ఆ శుక్రవారానికి ఎల్పీ అందకపోతే, పత్రికల్లో సమీక్షలు వచ్చే వారంలో దుకాణానికి అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. దుకాణంలో ముందుగా పేరు రాయించుకుంటే యజమానికి ఎన్ని కాపీలు తెప్పించాలో అంచనా దొరుకుతుంది. ఎదురుచూపు తప్పకపోయినా, మీ కాపీ మీకు దక్కుతుంది.

ప్రశ్న: నా దగ్గర ఒక్క సీడీగా ఉన్న 1990ల నాటి ఆల్బం ఇప్పుడు రెండు ఎల్పీలుగా వస్తోంది. ఇది కేవలం ధర పెంచడానికేనా?

జవాబు: కాదు. సీడీలో 74 నిమిషాల సంగీతం పడుతుంది కాబట్టి ఆ కాలపు ఆల్బంలు పొడవు పెరిగాయి. ఎల్పీ ఒక్కో వైపు 20 నిమిషాలు దాటుతున్నకొద్దీ గాడులను దగ్గరదగ్గరగా కోయాలి, అందుకోసం ధ్వని స్థాయినీ, మంద్రస్వరాల బలాన్నీ తగ్గించాలి. లోపలికి వెళ్లేకొద్దీ ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే రికార్డు ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. ఆ 1.8 సెకన్ల సంగీతానికి అంచు దగ్గర సుమారు 36 అంగుళాల గాడి దొరికితే, లేబుల్ దగ్గర 15 అంగుళాలే దొరుకుతుంది. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో స, ష వంటి అక్షరాలు గరగరలాడటం మీరు వినే ఉంటారు. నాలుగు వైపులకు పంచితే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. నన్నడిగితే, గంటకు పైబడిన ఆల్బంను ఒక్క ఎల్పీలో కుక్కిన అచ్చు కన్నా రెండు ఎల్పీల అచ్చే కొనదగినది.

ప్రశ్న: ఒకే కొత్త ఆల్బం నాలుగు రంగుల్లో ఉంది. ఒకదాని మీద స్వతంత్ర దుకాణాలకు మాత్రమే అని, మరొకదాని మీద 180 గ్రాములు అని రాసి ఉంది. ఏది కొనాలి?

జవాబు: సంగీతం అన్నింటిలోనూ ఒకటే. పీవీసీకి సహజంగా రంగు ఉండదు, నలుపు కూడా కలిపిన రంగే. మంచి కర్మాగారంలో అచ్చుకొట్టిన రంగుల రికార్డు ఇప్పుడు నల్లదానికి తీసిపోదు. బొమ్మలు అచ్చువేసిన పిక్చర్ డిస్కుల్లో మాత్రం హోరు ఎక్కువ, వాటిని గోడకు పెట్టుకోవడానికే కొనండి. బరువు ఎక్కువైతే గాడి లోతు పెరగదు, రికార్డు గట్టిగా, చదునుగా ఉండటానికి కొంత తోడ్పడుతుందంతే. వినికిడిలో తేడా తెచ్చేది గాడి ఎవరు కోశారు, ఏ మూలప్రతి నుంచి కోశారు అన్న రెండు సంగతులే. దుకాణాలకు మాత్రమే ఇచ్చే రంగును కొనడం వల్ల ఆ దుకాణానికి మేలు జరుగుతుంది, అది మంచి కారణమే. ఒకే ఆల్బంను నాలుగు రంగుల్లో నాలుగుసార్లు కొనడాన్ని మాత్రం నేను ప్రోత్సహించలేను. ఆ డబ్బుతో ఇంకో ముగ్గురు కళాకారుల ఆల్బంలు మీ ఇంటికి వస్తాయి.

ప్రశ్న: రికార్డ్ స్టోర్ డే నాడు తెల్లవారుజామునే వరుసలో నిలబడటం అవసరమా?

జవాబు: మీకు కావలసినది ఏమిటన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. ఈ ఉత్సవం ఆలోచన 2007లో స్వతంత్ర దుకాణదారుల మధ్య పుట్టింది, 2008 ఏప్రిల్ 19న మొదటిసారి జరిగింది. ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం, నవంబరులో మరోసారి ప్రత్యేక విడుదలలు దుకాణాలకు వస్తాయి. ముందుగా వచ్చే జాబితాను జాగ్రత్తగా చూడండి. కొన్ని ఆ రోజు అచ్చుతో ఆగిపోతాయి, కొన్ని ఆ రోజు ముందుగా వచ్చి తర్వాత అందరికీ దొరుకుతాయి. రెండో రకం కోసం నిద్ర మానుకోనక్కరలేదు. కొని వెంటనే ఎక్కువ ధరకు అమ్ముకునేవారి వల్ల నిజంగా వినేవారికి ఆ రికార్డులు అందకపోవడం నాకు బాధ కలిగించే విషయం. సాయంత్రం వెళ్లినా చాలా రికార్డులు మిగిలే ఉంటాయి, యజమానికి మీతో మాట్లాడే తీరికా ఉంటుంది.

ప్రశ్న: వాడిన రికార్డుల పెట్టెలో చూసేటప్పుడు ఏం పరీక్షించాలి?

జవాబు: దుకాణదారును అడిగి రికార్డును కవరులోంచి తీయండి. వేళ్లు గాడులకు తగలకుండా అంచునూ, లేబులునూ మాత్రమే పట్టుకుని, దీపం కింద వాలుగా వంచి చూడండి. వెలుతురులో మాత్రమే కనిపించే వెంట్రుకవాసి గీతలు చాలావరకు వినిపించవు. గాడులకు అడ్డంగా పడి, తెల్లగా మెరిసే లోతైన గీత ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటుంది. మధ్య రంధ్రం చుట్టూ లేబుల్ మీద సన్నని గీతలు చాలా ఉంటే, ఆ రికార్డును ఎన్నోసార్లు వేశారని అర్థం. కళ్ల ఎత్తున అడ్డంగా పట్టుకుంటే వంకర తెలిసిపోతుంది. కవరు మీద నియర్ మింట్ (దాదాపు కొత్తది) అని ఉంటే నిశ్చింతగా తీసుకోండి, దానికన్నా దిగువ శ్రేణి అయిన వెరీ గుడ్ అని ఉంటే చిటపటలకు సిద్ధపడి తగ్గ ధర ఇవ్వండి.

చివరగా, ఆఖరి పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ భాగంలో గీసిన అక్షరాలు చదవండి. ఆ అచ్చు వివరాలతో పాటు, చాలాసార్లు గాడి కోసినవారి పొడి అక్షరాలు కూడా అక్కడే ఉంటాయి. లెడ్ జెపెలిన్ రెండో ఆల్బం 1969 నాటి తొలి అమెరికన్ అచ్చుల మీద ఉన్న ఆర్.ఎల్. అన్నవి బాబ్ (రాబర్ట్) లుడ్విగ్ పేరుకు గుర్తు. ఆయన కోసిన ఆ గాడి ధ్వని ఎంత బలంగా ఉందంటే, చవక రకం ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపడేది, అందుకే తర్వాత మెత్తబరిచి మళ్లీ కోశారు. ఇప్పుడు సేకరించేవారు వెతికేది ఆ మొదటి అచ్చునే. మీ దగ్గర ఆ ఆల్బం పాత కాపీ ఉంటే, ముందు ఆ రెండు అక్షరాల కోసం చూడండి.